పిల్లలు రాసిన చీటీలు

జూన్ 21, 2025

ఎనిమిదో తరగతిలో లీడరు ఎన్నిక జరిగింది. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితాలే బ్యాలెట్లు, చాక్‌పీసుల డబ్బాయే పెట్టె. ఓట్లు లెక్కపెడుతున్నంతసేపూ పిల్లలు కిక్కురుమనలేదు. ఇంత శ్రద్ధగా ఎన్నుకున్న లీడరుకి మనమిచ్చే పనేమిటి? టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, హాజరు పట్టీ ఆఫీసు రూములో ఇచ్చి రావడం. ఓట్లు పిల్లలవి, చాకిరీ మాది. లీడర్లంతా నెలకోసారి హెచ్చెమ్ గారితో కూర్చుని తమ తరగతి మాట చెప్పే వీలు కల్పించమని అడిగాను. ఆయన సరేనన్నారు.

జూలై 2

వాటర్ బెల్. 2019లో కేరళ బళ్లలో పేరొచ్చి, అదే ఏడాది మన దగ్గరికీ వచ్చింది. మంచి ఆలోచన. గంట కొట్టగానే అందరూ సీసా తీసి తాగాలి. మా ఆడపిల్లలు మూత తీసి పెదాలు తడుపుకుని మళ్లీ బిగించేస్తున్నారు. ఎందుకని అడిగితే తలలు దించుకున్నారు. పేరు లేకుండా చీటీ రాసివ్వమన్నాను.

రఫ్ నోట్సు కాగితాలు, ఒక్కోటీ నాలుగైదు మడతలు. ఒకటి ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: "తాగితే బాత్రూంకి వెళ్లాలి మేడమ్. తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. ఇంటర్వెల్ పది నిమిషాలే." తర్వాతి చీటీ విప్పితే అదే సంగతి, ఇంకొకరి దస్తూరీలో. ఆ తర్వాతదీ అంతే. ఇంటికెళ్లేదాకా ఆపుకుంటున్నామని ఆరో తరగతి పిల్ల రాసింది.

మరుగుదొడ్లు ఉన్నాయా అని అడిగిన ప్రతి ఫారంలోనూ ఉన్నాయనే రాసి పంపుతున్నాం. ఉన్నమాటే. తలుపు లోపలి నుంచి పడుతుందా అని అడిగిన ఫారం నా కంటపడలేదు. ఆ సంగతి ఆ పిల్లలకే తెలుసు, వాళ్లని అడిగితేనే బయటికొచ్చింది.

జూలై 7

శనివారం వడ్రంగి వచ్చి అన్ని తలుపులకూ గడియలు బిగించి వెళ్లాడు. పిల్లల సంఖ్య 250 దాటి వెయ్యికి మించని బడికి సమగ్ర శిక్షా కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 75 వేలు. అందులో పదో వంతుకి తగ్గకుండా పరిశుభ్రతకే పెట్టాలని నిబంధన కూడా ఉంది. అంటే దారి ముందునుంచీ ఉంది, అడిగే నోరు లేకపోయింది.

గడియల చీటీల తర్వాత మిగతా పిల్లలూ తమకు కావలసినవి రాసి పెట్టెలో వేశారు. ఇవాళ ప్రార్థనలో హెచ్చెమ్ గారు ఆ చీటీలన్నిటికీ జవాబులు చదివారు. అయినవీ, కానివీ. రోజూ ఆటల పీరియడ్ కావాలన్న దానికి, ఆరు, ఏడు తరగతులకు వారానికి ఒకటి పెంచుతామనీ, పదో తరగతికి ఈ ఏడాది కుదరదనీ, ఎందుకు కుదరదో కూడా చెప్పారు. యూనిఫాం రంగు మార్చమన్నదానికి అది రాష్ట్రమంతటికీ ఒకటేనన్నారు. ఎవరూ గొణగలేదు. తాము చెప్పింది ఏమైందో తెలియనప్పుడే పిల్లలు రెండోసారి నోరు విప్పరు. గ్రాంటు ఖర్చు నోటీసు బోర్డు మీద రాద్దామన్నది కూడా ఒక చీటీలోదే. ఈ వారంలో రాస్తామన్నారు.

జూలై 10

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. ముగ్గులు పెట్టింది పిల్లలు, కుర్చీలు సర్దింది పిల్లలు, మంచినీళ్లు అందించిందీ వాళ్లే. మాట్లాడింది పెద్దలం. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు. మిగిలిన పావులో కొంత చోటు స్థానిక విద్యావేత్తలకైనా, బడి పిల్లలకైనా ఇవ్వొచ్చని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. ఇద్దరు పిల్లల్ని కూర్చోబెడదామని అడిగాను. ఒక తండ్రి అడ్డుచెప్పాడు, ఇద్దరు తల్లులు గట్టిగా నిలబడ్డారు. వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బళ్లకు ఆ సెక్షనే వర్తించదు. తెల్లారకముందే బస్సెక్కి చీకటిపడ్డాక దిగే మా వీధి పిల్లల గోడు ఎవరు వింటారు?

రాత్రి మళ్లీ ఆలోచన. 2020లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లను ఇంగ్లిషు మీడియంలోకి మార్చే జీవోలను హైకోర్టు కొట్టేశాక, ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకుని 96 శాతానికి పైగా ఇంగ్లిషే కోరారని ప్రకటించింది. కూలికెళ్లే తల్లి బిడ్డకు ఇంగ్లిషు రావాలని ఆశపడడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏ పాఠం బుర్రకెక్కుతోందో, ఎక్కడ దారం తెగిపోతోందో బెంచీ మీద కూర్చున్నవాళ్లనీ అడగాల్సింది. ఇప్పటికైనా అడగొచ్చు.

సెప్టెంబరు 5

స్వపరిపాలన దినోత్సవం. అమ్మల చీరలు కట్టుకుని పదో తరగతి అమ్మాయిలు టీచర్లయ్యారు. ఒకమ్మాయి ఏడో తరగతికి భిన్నాలు చెబుతూ, అర్థం కాని పిల్లవాడి పక్కన బెంచీ మీదే కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది. చాలా ముచ్చటేసింది. ఇంకో గదిలో ఒక అబ్బాయి బెత్తం ఊపుతున్నాడు. అదీ మా దగ్గర నేర్చుకున్నదే.

నాకీ రోజంటే ఇష్టం. కానీ సాయంత్రం చీరలు మడతపెట్టేశాక బడిలో ఏమీ మారదు. రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన చిన్న పుస్తకంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపాడు. పిల్లల్ని వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు పిలవడం, ఈ కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. ఈరోజు మేం ఏ మెట్టు మీద ఉన్నామో నాకు బాగానే తెలుసు.

సెప్టెంబరు 19

లీడర్లకు తిలోనియా సంగతి చెప్పాను. రాజస్థాన్ అజ్మీర్ జిల్లాలో ఊరు. పగలు మేకలు, గొర్రెలు కాసుకునే పిల్లల కోసం బేర్‌ఫుట్ కాలేజీ వాళ్లు సౌర దీపాల వెలుగులో రాత్రి బళ్లు నడిపారు. ఆ పిల్లలే ఓట్లేసి తమ పార్లమెంటును ఎన్నుకునేవారు. టీచరు వస్తున్నాడా, దీపం వెలుగుతోందా, తాగునీళ్లున్నాయా అని పిల్లల మంత్రులే వెళ్లి చూసొచ్చి నిలదీసేవారు. "మనం కూడా టీచర్లు వస్తున్నారో లేదో చూడొచ్చా మేడమ్?" అని ఏడో తరగతి లీడరు అడిగాడు. చూడొచ్చన్నాను.

నవంబరు 14

బాలల దినోత్సవం. చాక్లెట్లు, పాటల పోటీ. మధ్యాహ్నం చీటీల పెట్టె తెరిస్తే ఒకటి: "సార్ చెవి మెలిపెడుతున్నారు. చెబితే ఇంకా కొడతారని భయం."

స్టాఫ్ రూములో మొదట లేచిన ప్రశ్న, ఎవరు రాశారు? చీటీ చేతులు మారింది. "ఈ 'డ' ఎవరు ఇలా రాస్తారో నాకు తెలుసు" అన్నారొకరు. నేను చీటీ తీసేసుకున్నాను. కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించి పదిహేనేళ్లు దాటింది. ఆ చీటీ అడిగింది చట్టంలో ఉన్నదే. గడియల గురించి రాసినప్పుడు మురిసిపోయిన మేమే, మా గురించి రాసేసరికి దస్తూరీ పట్టుకున్నాం. పిల్లల గొంతు అంటే మనకు నచ్చే సంగతుల వరకేనా? ఆ ఉపాధ్యాయుడితో హెచ్చెమ్ గారు సాయంత్రం విడిగా మాట్లాడారు.

నవంబరు 20

1989లో ఇదే రోజున ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992లో భారతదేశమూ అందులో చేరింది. తమకు సంబంధించిన ప్రతి విషయంలోనూ పిల్లలు అభిప్రాయం చెప్పొచ్చు, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి అంటుంది 12వ అధికరణం.

స్టాఫ్ మీటింగులో గంటకు పైగా వాదన జరిగింది. "పిల్లల్ని మామీదకు ఉసిగొల్పుతున్నారు" అన్న మాట కూడా పడింది. చివరికి కాగితం మీద పెట్టుకున్నవి: పెట్టె తాళంచెవి టీచర్ల దగ్గర ఉండదు, కమిటీలో ఉన్న ఒక తల్లి దగ్గర ఉంటుంది. చీటీలు తెరిచేటప్పుడు ఇద్దరు లీడర్లు ఉండాలి. దస్తూరీ ఆరా తీయకూడదు. ప్రతి చీటీకీ పదిహేను రోజుల్లోగా జవాబు చదవాలి. కొట్టడం గురించిన చీటీ అయితే రాసిన పిల్లలను వెతక్కుండా, ఆ తరగతి మొత్తంతో కమిటీ తల్లులే మాట్లాడాలి. ఇద్దరు ఉపాధ్యాయులు సంతకం పెట్టలేదు. మిగతా అందరం పెట్టాం. కమిటీలో పిల్లలకు రెండు కుర్చీల సంగతి శనివారం సమావేశంలో మళ్లీ వస్తుంది. ఈసారి వాదించేది నేను కాదు, ఏడో తరగతి లీడరూ పదో తరగతి లీడరూ.