బరువెంతో చెప్పండి

"అక్కా, బండికి బలం చేయించాలే!" అన్నాడు మా తమ్ముడు, కాఫీ తాగుతూ.

మనుషులకి టానిక్కులూ, బాలింతలకి కాయమూ తెలుసుగాని, బండికి బలం చేయించడమేమిటో నాకు అంతుపట్టలేదు. ఆర్ట్స్ చదివినదాన్ని. హార్స్ పవరంటే ఇప్పటికీ నా కళ్ళముందు గుర్రాలే పరిగెడతాయి.

కిందటి వేసవిలో అమ్మా నేనూ డల్లాస్ దగ్గర తమ్ముడింటికి వెళ్ళినప్పటి ముచ్చట ఇది. వాడికో పికప్ ట్రక్కుంది. మన వీధుల్లో కూరగాయలు దింపే బుల్లి బండిలాంటిదనుకునేరు! ముందు ఆరుగురు కూర్చునే కారు, వెనక సామాను తొట్టి, రెండూ కలిసిన భారీ శాల్తీ. దానికో చిన్న ట్రైలరు తగిలించుకుని సెలవల్లో ఊళ్ళు తిరుగుతుంటారు.

ఈసారి అందర్నీ కొలరాడో కొండలకి తీసుకెళ్ళాలని వాడి సరదా. అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. రాత్రివేళ కిందికి దిగి బాత్‌రూము వెతుక్కుంటూ నడవలేదు. అందుకని మంచం, వంటిల్లు, బాత్‌రూము అన్నీ ఉన్న పెద్ద ట్రైలరు చూసిపెట్టాడు. సామానుతో నిండితే 7,500 పౌండ్లు. దాన్ని లాగడానికి ఇంజను చాలదేమోనని ఈ బలం ఆలోచన. ఇంజనుని నడిపే కంప్యూటరులో లెక్కలు మారిస్తే బలం పెరుగుతుందిట.

మరదలు నోరు మెదపలేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా మాట్లాడాయి.

మర్నాడు బజారుకెళ్తూ దారిలో మెకానిక్కు దగ్గర బండి ఆపాడు. తెల్లజుట్టు పెద్దమనిషి. అంతా విని, "లాగడం సరే, ఆపడం మాటేమిటి?" అన్నాడు. ఆయన చెప్పిందంతా తమ్ముడు అమ్మకోసం తెలుగులో చెబుతూ వచ్చాడు.

ఇంజనుకి బలం వచ్చినంత మాత్రాన చట్రమూ, ఇరుసులూ, బ్రేకులూ బలపడవుట. తయారుచేసినవాళ్ళు గీసిన హద్దు హద్దే. పైగా అదనపు భారంతో పుట్టే వేడికి ముందు గేర్లపెట్టె పాడవుతుంది. లాగుడు సుఖంగా ఉండాలంటే వెనక ఇరుసులో పళ్ళచక్రాలు మార్పించుకోవచ్చు, గేరు నూనె చల్లబరిచే ఏర్పాటు పెట్టించుకోవచ్చు. ఇంకోటి. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజను ప్రతి 1,000 అడుగులకీ నూటికి సుమారు 3 వంతుల బలం పోగొట్టుకుంటుంది. మేం దాటబోయే ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైనే ఉంది. అంటే నా గుర్రాల్లో మూడోవంతు కొండ కిందే ఆగిపోతాయన్నమాట!

ఆ తర్వాత ఆయన డ్రైవరు తలుపు తీసి, అక్కడ అంటించిన చీటీ చూపించాడు. మనుషులూ సామానూ కలిసి 1,500 పౌండ్లు మించకూడదు. ట్రైలరు బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు బండి కొక్కెం మీద పడాలి. తక్కువైతే ట్రైలరు తోకలా ఊగిపోతుంది. నూటికి 13 చొప్పున 975. కొక్కెం సరంజామా 80. "ఇక మీ మీ బరువులు చెప్పండి" అన్నాడు పెన్సిలు తీసి.

అంతే! ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వయసడిగితే రెండేళ్ళు తగ్గించి చెప్పినా చెల్లిపోతుంది. బరువు తగ్గించి చెబితే కొండమీద బయటపడదూ? మరదలు మొగుడి చెవిలో చెప్పింది. నేనూ చెప్పక తప్పలేదు. ఆ అంకె ఇక్కడ మాత్రం రాయను. పిల్లలిద్దరితో సహా ఆరుగురం 750. మొత్తం 1,805. హద్దుకి 305 ఎక్కువ.

కాసేపెవరం మాట్లాడలేదు. అప్పుడు అమ్మ మెల్లిగా అంది, "పోన్లేరా, నేనింట్లోనే ఉంటాను. నేను దిగితే బండి తేలికవుతుందిగా?"

నా గొంతులో ఏదో అడ్డుపడింది. చిన్నప్పుడు పెళ్ళికెళ్ళే జీపులో చోటు చాలకపోతే దిగిపోయింది అమ్మే. సినిమా టిక్కెట్టొకటి తక్కువైతే ఇంటికి కాపలా ఉన్నదీ అమ్మే. ఎక్కడ లెక్క కుదరకపోయినా ముందు తనని తీసేసుకోవడం ఆవిడకి అలవాటు. మీ ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరుండే ఉంటారు. అది మీరే అయినా ఆశ్చర్యపోను.

అప్పుడు నోరు విప్పింది మరదలు. "అత్తయ్య రాకపోతే ఆ ట్రైలరు ఎవరికోసమండీ? తగ్గించాల్సింది ఆవిణ్ణి కాదు, ట్రైలరుని!"

చివరికి 5,000 పౌండ్ల ట్రైలరు కుదిరింది. మంచం ఇరుకు. బాత్‌రూములో ఇటు తిరిగితే అటు తగులుతుంది. అయితేనేం, 650, 80, 750 కలిపితే 1,480. బలం కోసం తీసిపెట్టిన డబ్బు ట్రైలరు బ్రేకుల్ని డ్రైవరు దగ్గర్నించే అదుపుచేసే పరికరానికి వెళ్ళింది.

సొరంగం దాటగానే నూటికి 7 వంతుల వాలు. పక్కన, బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి కంకర పోసిన దారులు. చూస్తే గుండె జల్లుమంది. తమ్ముడు గేరు తగ్గించాడు. ఇంజను గట్టిగా మూలిగింది.

"ఏమిట్రా, మొయ్యలేకపోతోందా?" అంది అమ్మ.

"లేదమ్మా, మనల్ని ఆపుతోంది" అన్నాడు వాడు, నెమ్మదిగా.

అమ్మ కుదుటపడింది. ఒళ్ళో పెట్టుకున్న ఆవకాయ జాడీ సర్దుకుంటూ, "అవున్రా, దీన్ని లెక్కలో వేశారా?" అని అడిగింది.

మాకింకా 20 పౌండ్లు మిగిలే ఉన్నాయి కదా!