గ్రీన్ కార్డుకు తాత తోట పత్రాలు

మన కోయంబత్తూరు ఇళ్ళలో ఇప్పుడు నలుగురు చేరితే ఈబీ-5 మాట వస్తా ఉంది. అమెరికాలో పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డు తెచ్చుకునే దారి అది, 1990లో మొదలైంది. 2022 చట్టం తరువాత పల్లె ప్రాంతాల్లోనో నిరుద్యోగం ఎక్కువున్న చోటనో పెడితే 8 లక్షల డాలర్లు, మామూలుగా అయితే పదిన్నర లక్షలు. దానితో అక్కడ 10 మందికి ఉద్యోగాలు రావాలి. మొదట ఇచ్చే కార్డు రెండేళ్ళదే.

మా తమ్ముడి కొడుకు దీనికి దిగాడు. డబ్బు కంటే కాగితాలే కష్టమని మాకప్పుడు తెలిసింది. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లే బయటికి పంపవచ్చు. అందుకని ఇంట్లో నలుగురి పేర్లు కావలసి వచ్చాయి, 84 ఏళ్ళ మా నాయనతో సహా. బహుమానంగా ఇచ్చినవాళ్ళు కూడా తమ డబ్బు ఎక్కడిదో చూపించాలి.

"నా తోట సంగతి ఆ దేశం వాళ్ళకెందుకురా?" అన్నాడు నాయన.

బీరువాలోంచి పట్టాలు, విల్లంగ సర్టిఫికెట్లు, తాతల నాటి భాగాల పత్రం తీశాం. అన్నీ అరవంలోనే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆస్తి రాసుకున్నది అరవం, ఇప్పుడు ఇంగ్లీషులోకి తర్జుమా చేయించాలి. పత్రంలో అందరి పేర్ల చివరా నాయుడు ఉంది. పిల్లవాడి పాస్‌పోర్టులో అది లేదు, ఈ రాష్ట్రంలో మనం ఎప్పుడో వదిలేశాం కదా. ఆ తాతకు వీడు మునిమనవడేనని రుజువు చేయడానికే నెల పట్టింది.

మదురై నాయకుల కాలంలో వచ్చిన మనవాళ్ళు నల్లరేగడిలో బావులు తవ్వి పత్తి వేశారు. మిల్లులు చాలా తరాల తరువాతి మాట. కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్స్ 1910లో వచ్చింది. పైకారా కరెంటు వచ్చాక 1930లలో ఇంకెన్నో లేచాయి. ముందు ఊళ్ళో నిలిచారు, తరువాత పెట్టుబడి పెట్టారు. ఇక్కడ డబ్బు ముందు వెళ్తుంది, మనిషి వెనక వరసలో నిలబడతాడు. పైగా ఆ డబ్బు నష్టపోయే అవకాశం ఉండాలని చట్టమే అంటుంది. తిరిగి ఇస్తామని పూచీ రాసిస్తే ఆ పెట్టుబడి చెల్లదు. ఇది నాకు మింగుడుపడలేదు, వాడికి మాత్రం బెంగ లేదు.

రోడ్డు పక్క నాలుగు ఎకరాలకు అందరం సంతకం పెడతామన్నాం. బావి ఉన్న ముక్క అడగవద్దని నాయన చెప్పాడు. కొనేవాళ్ళు ఆదివారం వస్తామన్నారు.