పాత లారీతో సట్లెజ్ తీరానికి

హైదరాబాదు నుండి హిమాచల్ ప్రదేశ్‌లోని ఝాక్రీకి రోడ్డు మార్గాన దాదాపు రెండు వేల కిలోమీటర్లు. అంతటి దూరాన్ని, అందునా నడి శీతాకాలంలో, వేలం జాబితాకెక్కిన ఒక పాత లేలాండ్ లారీలో ప్రయాణించవలసి వస్తుందని మేమెన్నడూ ఊహించలేదు. 1994 డిసెంబరు మొదటి వారంలో మా డిపోకు ఉత్తరువు అందింది. డ్రిల్లింగు యంత్రం, దాని పంపు, కేసింగు గొట్టాలు జనవరి మధ్యకల్లా ఝాక్రీ చేరాలి. సట్లెజ్ నదిపై నాథ్పా వద్ద ఆనకట్ట కట్టి, కొండల కడుపులో 27 కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి, ఆ నీటిని ఝాక్రీ వద్ద భూగర్భంలోని విద్యుత్ కేంద్రానికి చేర్చే బృహత్తర నిర్మాణం అక్కడ అప్పుడే ఊపందుకొంటున్నది. 2004 నాటికి ఆరు యూనిట్లూ పూర్తయి 1,500 మెగావాట్ల కేంద్రంగా వెలసింది ఆ నిర్మాణమే.

రైలులో పంపరాదా అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. కల్కా వరకు పెద్ద రైలు ఉన్నది. అక్కడి నుండి సిమ్లాకు 1903లో ప్రారంభమైన చిన్న రైలు మార్గం. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే. మన సామాను దించి ఎక్కించి, మరల దించి ఎక్కించడానికి పట్టే కాలం, కలిగే నష్టం లెక్కవేసి రోడ్డు మార్గమే నిర్ణయించారు. మంచి బండ్లన్నీ బొగ్గు క్షేత్రాలలో ఉన్నాయి. షెడ్డులో మిగిలినది పదిహేడేండ్లు నడిచిన ఈ లేలాండ్ ఒక్కటే.

మేము నలుగురం వెళ్ళవలసినవారం. పదవీ విరమణకు ఎనిమిది నెలల దూరంలో ఉన్న పెద్ద డ్రైవరు గారు, ఒక రెండవ డ్రైవరు, ఒక హెల్పరు కుర్రవాడు, సామాను లెక్క చూచుకొనడానికి ఒక టెక్నికల్ అసిస్టెంటు. బండిని సిద్ధం చేసే బాధ్యత షెడ్డు మెకానిక్కుది. ఆయనను అధికారులు మొదలుకొని స్వీపరు వరకు అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. ఉస్తాద్ రెండు రోజులు బండి కింద పడుకొని లేచి రెండు పేజీల జాబితా వ్రాయించాడు. వేలానికి పోయే బండికి ఇంత ఖర్చెందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. కొంత బేరసారం జరిగింది. చివరకు కొన్ని అంశాలను మేమే కొట్టివేసి మంజూరుకు పంపాము. కొట్టివేసిన వాటిలో రేడియేటరు హోసు గొట్టాలు ఉన్నాయి. పాతవి చూపుకు బాగానే ఉన్నాయి. ఆ మాట తరువాత జ్ఞాపకం చేసుకొనవలసి వచ్చింది.

ఏ దూర ప్రయాణానికైనా చేసే పనులను గురించి విస్తరించి చెప్పనక్కరలేదు. బ్రేకు లైనింగులు మార్చారు. కింగ్ పిన్నులు అరిగి స్టీరింగు చేతిలో ఊగులాడుతుంటే వాటికి కొత్త బుష్షులు వేశారు. కమాను పట్టీలలో విరిగిన రెండింటిని తీసి సరిచేశారు. రీట్రెడ్ చేసిన టైర్లను వెనుకకు జరిపి, ముందు చక్రాలకు ఉన్నవాటిలో మంచివి ఎక్కించారు. చెక్క కేబినులోని సందులన్నింటిలో పాత ట్యూబు ముక్కలు కొట్టారు. ఈ చివరి పని చూచి షెడ్డులో అందరూ నవ్వారు. డిసెంబరులో కూడా హైదరాబాదులో మధ్యాహ్నం కేబిను తలుపు తెరిచి నడిపేవాళ్ళం కదా!

అసలు శ్రమ అంతా చలికి సంబంధించినది. ఎండదేశంలో నడిచిన బండికి ఎండకు తగిన అలవాట్లు ఉంటాయి. ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరులోకి పోనీయకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు అనేది ఒకటి ఉంటుంది. మన ప్రాంతంలో అది ఇరుక్కుని ఇంజను మరిగిపోతుందన్న భయంతో చాలామంది తీసి పారవేస్తారు. మా బండికి కూడా ఎన్నడో తీసివేశారు. ఎవరు తీశారో లాగ్ బుక్కులో లేదు. చలి ప్రదేశంలో అది లేని ఇంజను గంటలు నడిచినా సరిగా వేడెక్కదు. పొగ కక్కుతుంది, డీజిలు తాగుతుంది. ఉస్తాద్ రాణీగంజ్ దుకాణాలన్నీ తిరిగి కొత్త వాల్వు తెచ్చి బిగించాడు.

ఇంజను దిమ్మె పక్కన నీరు దించే ఇత్తడి కాక్ మరొక కథ. రేడియేటరు అడుగున ఒక కాక్, ఇంజను దిమ్మెకు మరొక కాక్ ఉంటాయి. మొదటిది అప్పుడప్పుడు తిప్పుతాము. రెండవదానిని మా ఎరుకలో ఎవరూ ముట్టలేదు. బోరు నీళ్ళ సున్నంతో అది దిమ్మెలో భాగమైపోయింది. ఉస్తాద్ దానిపై కిరోసిన్ గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాడు. మరునాడు ఉదయం నుండి సుత్తితో మెల్లగా తట్టుతూ కూర్చున్నాడు. భోజనాల వేళ దాటింది. దీనికింత పట్టుదల ఎందుకని మాలో ఒకరు విసుగుకొన్నారు.

“హైదరాబాద్ల నీళ్ళు మరుగుతయి సార్. మరిగితె పొగొస్తది, మీకు కనపడ్తది. ఆడ గడ్డకడ్తయి. గడ్డకట్టినప్పుడు సప్పుడు ఉండదు,” అన్నాడు.

నీరు మంచుగడ్డ అయినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పోత ఇనుప దిమ్మెలో ఆ పెరుగుదలకు చోటు లేదు, దిమ్మె పగులుతుంది. రేడియేటరు కాక్ ఒక్కటే తిప్పి నీరంతా పోయిందనుకొంటే దిమ్మెలో నిలిచిన నీరు ఆ పని చేసి పెడుతుంది. మూడు గంటలకు కాక్ తిరిగింది. నీటిబొట్టు రాలేదు. తీగ పెట్టి పొడిస్తే మొదట ఎర్రటి బురద, ఆ తరువాత నీరు వచ్చాయి. తిరిగి బిగిస్తే బొట్టు బొట్టుగా కారసాగింది. ఉస్తాద్ రాగి వాషరు ఒకటి వేసి ఆపాడు. మరి నాలుగు వాషర్లు కాగితంలో చుట్టి పెద్ద డ్రైవరు గారి జేబులో పెట్టాడు.

మిగిలినవి త్వరగా చెప్పుకొందాము. నీరు గడ్డకట్టకుండా కలిపే గ్లైకాల్ ద్రావకం హైదరాబాదులో అడిగితే దుకాణదారులు వింతగా చూశారు. ఎట్టకేలకు రెండు డబ్బాలు దొరికాయి. చలికి బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది కనుక పాతదానిని మార్చారు. చిక్కటి నలభై నంబరు ఇంజను ఆయిలు తీసి పలుచటిది పోశారు. డీజిలు సంగతి మాలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. చలి ముదిరితే డీజిలులోని మైనం పేరుకొని ఫిల్టరును మూసివేస్తుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం డీజిలు పారే గుణం కోల్పోయే ఉష్ణోగ్రత వేసవి రకానికి 15 డిగ్రీలు, శీతాకాలపు రకానికి 3 డిగ్రీలు మించరాదు. అందుచేత దక్షిణాది డీజిలుతో కొండ ఎక్కకుండా, అంబాలా చేరేసరికి ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేటట్లు లెక్క వేసుకొని అక్కడ నింపుకొనమన్నాడు. కిరోసిన్ కలిపే లారీవాళ్ళు ఉన్నారు. అది నియమ విరుద్ధం, పైగా పంపు అరిగిపోతుంది.

1995 జనవరి మొదటి వారంలో తెల్లవారుజామున కొబ్బరికాయ కొట్టి బయలుదేరాము. నిర్మల్ దాటిన తరువాతి మహబూబ్ ఘాటే మాకు మొదటి పరీక్ష. సోన్ వంతెనపై గోదావరికి నమస్కరించి, ఆ ఘాటును రెండవ గేరులో ఎక్కాము. ఇంజను వేడి ముల్లు కదలలేదు. పెన్‌గంగ దాటి నాగపూరు. సివనీ అడవులు, బర్మాన్ వద్ద నర్మద, సాగర్, ఝాన్సీ. నేడు హైదరాబాదు నుండి అంబాలా దాకా 44వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే. ఆనాడు ఏడు, ఇరవైయారు, డెబ్బైయైదు, మూడు, రెండు, ఒకటి అని నంబర్లు మారుతూ పోయేవి. రోజుకు రెండు వందల పై చిలుకు కిలోమీటర్ల కంటె నడపరాదని పెద్ద డ్రైవరు గారి నియమం. మురైనా దాటి చంబల్ లోయల నడుమ పోతున్నప్పుడు మాత్రం ఆయనే నియమం తప్పి, చీకటి పడకముందే ధోల్‌పూర్ చేర్చారు.

ఢిల్లీ దాటిన తరువాత పొగమంచు. దీపాలకు పసుపుపచ్చ కాగితం అంటించి, హెల్పరు కుర్రవాడు తల బయటపెట్టి రోడ్డు అంచు చెబుతుండగా పానిపట్టు నుండి కర్నాలు చేరడానికి అర్ధదినం పట్టింది. అంబాలాలో డీజిలు నింపుకొని కల్కా చేరిననాడు అక్కడ లోహ్రీ. ప్రతి వీధి మొగలోను మంట వేసి, చుట్టూ చేరి వేరుసెనగలు, నువ్వుల మిఠాయి ఆ మంటకు సమర్పించి పంచుకొంటున్నారు. మన ఇండ్ల ముందు భోగిమంటల వేళ అది. పెట్రోలు బంకు పక్కన ఉన్న ఒక కుటుంబం మమ్మల్ని పిలిచి మంట వద్ద కూర్చోబెట్టింది. మా కుర్రవాడు ఇంటికి దూరంగా పండుగ చేసుకొనడం అదే మొదటిసారి, చాలాసేపు మాట్లాడలేదు.

మరునాడు కొండ ఎక్కడం మొదలైంది. సోలన్ దాటి కండాఘాట్ సమీపిస్తుండగా కేబినులోకి తియ్యటి వాసన, వెంటనే ఆవిరి వచ్చాయి. పై హోసు గొట్టం నిలువునా చీలింది. జాబితాలో మేము కొట్టివేసినదే! హైదరాబాదులో కొన్న గ్లైకాల్ అంతా రోడ్డు పాలైంది. గొట్టానికి ట్యూబు రబ్బరు చుట్టి తీగతో బిగించి, ఊటనీళ్ళు మోసి పోసుకొన్నాము. సిమ్లాలో కొత్త గొట్టం దొరికింది కాని గ్లైకాల్ దొరకలేదు. ఆ రాత్రి కప్పు ఉన్న గ్యారేజీలో బండి పెట్టుకొనే అవకాశం కలిగింది కనుక గండం తెలియలేదు. సాయంకాలానికి నార్కండ దాటి సట్లెజ్ లోయలోకి దిగిపోతే భయం లేదనుకొని మరునాడు ఉదయం కదిలాము. రాంపూర్ ఎత్తు సుమారు వెయ్యి మీటర్లే. నార్కండ 2,700 మీటర్లు.

ఠియోగ్ దాటిన తరువాత ఎండ సోకని మలుపు ఒకదానిలో రోడ్డుపై నీరు గాజుపలక వలె గడ్డకట్టి, ముందు పోతున్న బస్సు అడ్డం తిరిగి నిలిచింది. దానిని కదిలించేసరికి మూడు గంటలు పట్టింది. మేము నార్కండ చేరినప్పటికి దేవదారు చెట్ల వెనుక సూర్యుడు దిగిపోయాడు. దిగువకు పోయే రోడ్డు ఉదయం దాకా పనికిరాదని ధాబా యజమాని చెప్పాడు.

పదిహేడు టన్నుల మూట వలె బండి ఆ మంచులో నిలిచి ఉండగా మేము చేసిన పని ఇది. గాలి ట్యాంకులలోని తేమ దించాము. లైనింగులు డ్రమ్ములకు అతుక్కుపోకుండా హ్యాండ్ బ్రేకు వదిలి, గేరులో ఉంచి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టాము. బ్యాటరీ విప్పి ధాబా లోపలికి మోశాము. కుర్రవాడు రేడియేటరు నీరు దించి, చేతులు వణుకుతుండగా లోపలికి వచ్చాడు. పెద్ద డ్రైవరు గారు టీ గ్లాసు పట్టుకొనే అడిగారు:

“రెండోది తిప్పావా నాయనా?”

తిప్పలేదు. ఆయనే లేచి టార్చి పట్టుకొని వెళ్ళారు. మేమూ వెంట వెళ్ళాము. కాక్ పావు చుట్టు తిరగగానే వెచ్చటి నీరు మంచుపై పడి పొగలు కక్కింది. బకెట్టు నిండింది, ఇంకొక అర బకెట్టు వచ్చింది. రేడియేటరు ఖాళీ అయిన తరువాత కూడా ఇంత నీరు దిమ్మెలో ఉన్నదా అని మేము నిశ్చేష్టులమయ్యాము. ఆయన ఏమీ అనలేదు. తీగ పెట్టి రెండుసార్లు పొడిచి, చివరి బొట్టు రాలేదాకా అక్కడే నిలబడ్డారు.

తెల్లవారి చూస్తే ఆ బకెట్టు అడుగుదాకా గడ్డ. మా పక్కన రాత్రి ఆగిన మరొక లారీ ఇంజను వైపున లోహపు బిళ్ళ ఒకటి బయటకు ఉబికి, దాని చుట్టూ మంచు మీసం వలె వేలాడుతున్నది. ఆ డ్రైవరు యువకుడు, మైదాన ప్రాంతంవాడు. రేడియేటరు నీరు తాను దించానని పదేపదే చెబుతున్నాడు. అతనికి మేము చేయగలిగినది ఏమీ లేకపోయింది. రాంపూర్‌లో మెకానిక్కుకు కబురు అందించే బాధ్యత తీసుకొన్నాము.

ధాబా పొయ్యిపై నీరు కాచి పోసి దించి, మరల కాచి పోశాము. బ్యాటరీ బిగించాము. రెండుసార్లు సెల్ఫ్ మూలిగింది. మూడవసారి ఇంజను తెల్లటి పొగతో అంటుకొన్నది. ఆ క్షణాన మా నలుగురిలో ఎవరు ముందు అరిచామో చెప్పలేము. రేడియేటరు ముందు గోనెపట్టా కట్టి, ఎండ రోడ్డు మీద పడిన తరువాత మొదటి గేరులో దిగసాగాము. కుమార్‌సైన్ వచ్చేసరికి పట్టా విప్పివేశాము. సైంజ్ వద్ద పచ్చటి సట్లెజ్ కనిపించేసరికి స్వెట్టర్లు విప్పాము. ఆ సాయంకాలం ఝాక్రీలో సామాను లెక్క అప్పగించాము. ఒక కేసింగు గొట్టం మర కొద్దిగా దెబ్బతిన్నది, మిగిలినవన్నీ సరి.

రాత్రి రాంపూర్ ఎస్.టి.డి. బూత్ నుండి హైదరాబాదు షెడ్డుకు ఫోను చేశాము. ఉస్తాద్‌ను పిలిపించారు. హోసు గొట్టం చీలిన సంగతి దాచలేదు. ఆయన ఆ మాట విననట్లే ఊరకున్నాడు. నార్కండ సంగతి, బకెట్టు నీళ్ళ సంగతి, పక్క లారీ సంగతి పెద్ద డ్రైవరు గారు చెప్పుకొని వచ్చారు. అంతా విని ఆయన అడిగినది ఒక్కటే.

“అన్నా, మళ్ళ బిగించినప్పుడు కొత్త వాషర్ ఏసినవా?”

పెద్ద డ్రైవరు గారు జేబు తడుముకొన్నారు. నాలుగు వాషర్లూ కాగితంలోనే ఉన్నాయి. ఫోను మాకిచ్చి, టార్చి తీసుకొని బండి వైపు నడిచారు.