మడికొండ గరుసు

మా అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళుతూ నాకు అప్పగించిపోయినవి రెండు. ఒకటి దాని సైకిలు, రెండోది ఒక జేడ్ మొక్క. సైకిలు సంగతి నేను పట్టించుకోలేదు గనుక అది క్షేమంగానే ఉంది. మొక్కను మాత్రం పట్టించుకున్నాను.

జేడ్ మొక్కను చూడనివారు ఈ రోజుల్లో తక్కువ. కాసులపేరులో కాసుల్లాగా దళసరిగా, నిగనిగలాడే ఆకులతో బట్టల దుకాణం గల్లాపెట్టె పక్కన కూర్చుని ఉంటుంది. డబ్బు తెస్తుందని నమ్మకం. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని రాతిగుట్టల వాలు. మన నర్సరీలలో ఈ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఆకు పెద్దదైతే అది క్రాసులా. ఆకు చిన్నగా, గుండ్రంగా ఉండి కాడ ఎర్రబారితే అది పోర్టులకేరియా. దాన్ని అక్కడ ఏనుగులు ఇష్టంగా మేస్తాయట. మా అమ్మాయిది మొదటిది. మట్టి విషయంలో మాత్రం రెండింటి గుణమూ ఒకటే. ఆ గుణం తెలియకనే నేను చెడ్డాను.

మాది వ్యవసాయ కుటుంబం. చెరువు ఒండ్రు అంటే మా ఇంట్లో బంగారం. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లకెత్తి పొలాలకు తోలుకున్న దృశ్యం నా కళ్ళలో ఇంకా ఉంది. అంచేత అమ్మాయి మొక్కకు ఏమాత్రం లోటు రానివ్వకూడదని, తెలిసినవారి ఊరినుంచి రెండు గంపల ఒండ్రు తెప్పించాను. అందులో పశువుల ఎరువు దండిగా కలిపి, పెద్ద పింగాణీ తొట్టిలో మొక్కను నాటి, ఉదయం ఒక చెంబు, సాయంకాలం ఒక చెంబు నీళ్ళు పోస్తూ వచ్చాను.

నెల తిరిగేసరికి ఆకులు పసుపుబారి, ఉడికిన వంకాయల్లా మెత్తబడ్డాయి. కాండం మొదలు నల్లబడింది. పాపం దాహంగా ఉందేమోనని మరో చెంబు పోశాను. నాలుగు రోజులకు మొక్క పక్కకు ఒరిగింది. కత్తితో కోసి చూస్తే లోపలంతా కుళ్ళు. జానెడు కొమ్మ ఒక్కటే గట్టిగా మిగిలింది.

ఆ రాత్రే అమ్మాయి ఫోను చేసింది. "నా మొక్క ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాను. ఇరవై ఏళ్ళుగా తరగతిలో హరిశ్చంద్రుడి కథ చెబుతున్న మనిషిని! మా ఆవిడ వంటింట్లోంచి ఒక్కసారి తొంగి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కొమ్మను సంచిలో వేసుకుని, దానికి తగిన మట్టికుండీ కొందామని ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. హన్మకొండనుంచి కాజీపేట దాటి హైదరాబాదు రోడ్డు మీద కాస్త ముందుకు వెళితే మడికొండ. ఇప్పుడది వరంగల్ మహానగరంలో కలిసిపోయింది గాని, మా తెలుగు మాస్టర్లకు ఇంకా వేరే ఊరే. కాళోజీ పెరిగినదీ, 'పోతన చరిత్రము' రాసిన వానమామలై వరదాచార్యులు పుట్టినదీ ఇక్కడే. ఆ మాటలు తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మెట్టుగుట్ట ఎక్కి మాత్రం చాలా ఏళ్ళయింది.

ఆ గుట్ట మీద కాకతీయుల నాటిదని చెప్పే రామలింగేశ్వరాలయం ఉంది. ఎవరో తీరుబడిగా పేర్చినట్టు బండమీద బండ నిలబడి ఉంటాయి. దర్శనం చేసుకుని ఒక బండనీడన కూర్చున్నాను. ఎదురుగా రాతి పగులులో, పిడికెడు గరుకుమట్టిలో ఒక మొక్క నిటారుగా నిలబడి ఉంది. దానికి చెంబుతో నీళ్ళు పోసేవారెవరూ లేరు. కిందికి చూస్తే కొత్త ఇళ్ళ మధ్య మిగిలిన వరిమడి పచ్చగా మెరుస్తోంది. స్థలపురాణం ఏమి చెబుతుందో గాని, ఆ క్షణాన నా చెవికి ఊరిపేరు రెండు ముక్కలుగా వినిపించింది: మడి, కొండ. నేను కొండమొక్కను మడిలో నాటాను.

గుట్ట దిగాక రోడ్డుపక్కన కుండలు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ కనబడింది.

"అవ్వా, అడుగున చిల్లున్న కుండీ కావాలి" అన్నాను.

"దేనికి బిడ్డా?"

కొమ్మ తీసి చూపాను. ఆమె ఒక ఆకును రెండు వేళ్ళ మధ్య నొక్కింది. "దీని కడుపుల్నే నీళ్ళున్నయ్ గదా! ఇంక నువ్వు పోసుడెందుకు? ఏ మట్టిల పెట్టినవ్?"

"చెరువుమట్టిలో."

ఆమె నవ్వింది. "చెరువుమట్టి మా కుండకు మంచిది బిడ్డా. నీళ్ళు బయటికి పోనియ్యకుంట పట్టుకునుడే దాని పని. నువ్వు కుండమట్టిల చెట్టు వెట్టినవ్."

ఎమ్మే చదివిన నా దగ్గర దానికి జవాబు లేదు.

"మరి గుట్టమీది మట్టి తీసుకుపోనా?" అని అడిగాను.

"అది దేవునిది, ముట్టకు. గీ ఎనుక మా చెలక గట్టున్నది. గరుసు తీస్కపో. పైసలేం వద్దు, కుండకియ్యి."

మన వైపు రాళ్ళు కలిసిన ఎర్రమట్టిని గరుసంటారు. నల్లరాయి ఏళ్ళతరబడి చివికి ఇలా అవుతుంది. పలుగురాళ్ళ పలుకులు చేతికి గుచ్చుకుంటాయి. ఒండ్రు రేణువులు పిండికంటే సన్నం. తడిస్తే ఒకదానికొకటి అతుక్కుని గాలికి సందివ్వవు. వేరుకు గాలి కూడా కావాలి. అది అందకపోతే మురుగుతుంది. పైగా ఈ మొక్క మహా పొదుపరి. ఎండవేళ ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. ఈ పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో దీని కుటుంబం పేరే ఉంది. ఇంత కూడబెట్టుకునేదానికి నేను పూటకో చెంబు!

గరుసును ఇంటికి తెచ్చి జల్లించి, సన్నని దుమ్మునంతా పారబోశాను. అది రెండు పాళ్ళు, శనగగింజంత ఇటుకముక్కలు ఒక పాలు, బాగా మాగిన ఎరువు ఒక పాలు కలిపాను. ఇటుక ఎందుకంటే అందులో సన్నని రంధ్రాలుంటాయి. కాస్త తడి పట్టుకుంటుంది, గాలినీ ఆడనిస్తుంది. 1213 నాటి రామప్పగుడి శిఖరంలో నీటిపై తేలే ఇటుకలు వాడారని విన్నాం కదా, వాటి బరువు తగ్గించినదీ ఇటువంటి రంధ్రాలే. సన్న ఇసుక మాత్రం వద్దు, అదీ సందులు పూడ్చేదే. కలిపిన మట్టిని తడిపి గుప్పిట బిగించి వదిలితే విడిపోవాలి. ముద్దగా నిలిచిందా, ఇంకా గరుసు పడాలి.

కుండీ అడుగున గులకరాళ్ళు పరవమని చాలామంది చెబుతారు. నేను పరవలేదు. పైమట్టి పూర్తిగా నానితేగాని నీరు రాళ్ళలోకి దిగదు. ఆ తడి వేళ్ళ దగ్గరే నిలుస్తుంది. చిల్లు మీద ఒక పెంకుముక్క చాలు. కుండీ కూడా వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నదే తీసుకున్నాను. పెద్ద తొట్టిలో చిన్న మొక్క పెడితే తాగేవారు లేని నీరు మిగిలిపోతుంది.

కొమ్మను వారం రోజులు నీడలో ఉంచి, కోసినచోట ఎండి పొరకట్టాక నాటాను. మరో వారందాకా నీళ్ళు పోయలేదు. అదే కష్టమైన పని. చెయ్యి చెంబుమీదికి పోతూనే ఉండేది. చివరికి మా ఆవిడ చెంబు దాచేసింది. ఆ తరువాత పుల్ల గుచ్చి చూసి, అది పొడిగా వస్తేనే నీళ్ళు. వానాకాలమంతా చూరుకింద పెట్టాము. రెండో నెలలో చివర రెండు లేత ఆకులు విచ్చుకున్నాయి.

దసరాకు అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పకుండానే వరండాలోకి వెళ్ళి, "ఇదేమిటి నాన్నా, పెరగాల్సింది పోయి చిన్నదయింది?" అంది. జరిగినదంతా చెప్పేశాను, ఫోనులో ఆడిన అబద్ధంతో సహా. కోపగించుకుంటుందనుకున్నాను. కుండీలో వేలు పెట్టి చూసి, "కంకరలో నాటావేమిటి!" అని నవ్వింది.

తిరుగు ప్రయాణంనాడు ఒక చిన్న కొమ్మ తుంచి కాగితంలో చుట్టుకుంది. దానితోబాటు గరుసు ఒక కవరునిండా పోసి పెట్టెలో సర్దుతుంటే, "పుణెలో మట్టి దొరకదా?" అంది మా ఆవిడ.

"దొరుకుతుందమ్మా, అదంతా నల్లరేగడి" అంటూ అమ్మాయి కవరుకు రెండో ముడి వేసింది.