13 మందికి ఒక టీచర్... మరి క్లాసులో 34 మందా?

టోక్యో తూర్పు అంచున ఎదొగావా వార్డులో నిషి కసాయ్ అని ఒక ఏరియా ఉంది. మన ఇండియన్స్ బాగా ఎక్కువ. మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే తెలుగు వినిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రాజెక్టు పని మీద ఆరు నెలలు అక్కడే ఉన్నా. ఆఫీసు నుంచి వస్తుంటే రోజూ దారిలో ఒక ప్రభుత్వ మిడిల్ స్కూల్ కనపడేది. అక్కడ మిడిల్ స్కూల్ అంటే మన 7, 8, 9 తరగతులు. సాయంత్రం ఆరవుతున్నా గ్రౌండ్‌లో పిల్లలు బేస్‌బాల్ ఆడుతుంటారు, పక్కనే ట్రాక్ సూట్‌లో టీచర్. రాత్రి ఎనిమిదికి అటు వెళ్లినా స్టాఫ్ రూమ్‌లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

ఓఈసీడీ లెక్కల్లో చూస్తే ఈ స్థాయిలో జపాన్‌లో దాదాపు 13 మంది పిల్లలకు ఒక టీచర్. ధనిక దేశాల సగటు కూడా ఇంచుమించు అంతే. బాగానే ఉంది కదా! కానీ మా బిల్డింగ్‌లోనే ఉండే విజయవాడ అన్న కొడుకు అలాంటి స్కూల్లోనే చదువుతున్నాడు. "వాడి క్లాసులో ఎంతమంది అన్నా?" అని అడిగా.

"ముప్ఫై నాలుగు. చట్టం ప్రకారం నలభై వరకు ఉండొచ్చట" అన్నాడు.

"మరి ఆ పదమూడు ఎక్కడ?"

"ఏమో తమ్ముడూ! లెక్కలు నువ్వే చూడు. నువ్వే కదా డేటా మనిషివి" అని నవ్వేశాడు.

చూశా. విషయం సింపుల్. పిల్లల మొత్తాన్ని టీచర్ల మొత్తంతో భాగిస్తే వచ్చేది నిష్పత్తి. క్లాసులో ఎన్ని తలలున్నాయో అది చెప్పదు. జపాన్ మిడిల్ స్కూల్లో ఒక క్లాసుకు వారానికి 29 పీరియడ్లు. ఏ ఒక్క టీచరూ అన్నీ చెప్పలేరు, కాబట్టి ఒక క్లాసుకు ఒకరి కంటే ఎక్కువ మంది కావాలి. పల్లెల్లో, దీవుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. పదిమందే ఉన్నా మ్యాథ్స్‌కొకరు, సైన్స్‌కొకరు ఉండాల్సిందే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతుల్లో ఎనిమిది మంది దాటకూడదు. ఇవన్నీ కలిస్తే దేశం మొత్తానికి 13 వస్తుంది. టోక్యోలో అన్న కొడుకు మాత్రం 34 మందిలో ఒకడు. సర్వర్లన్నింటి సగటు లోడ్ బాగుందని రిపోర్ట్ ఇస్తే, హ్యాంగ్ అయిన సర్వర్ మీదున్న యూజర్‌కి ఒరిగేదేముంది?

టీచర్ సంగతి కూడా ఆ అంకెలో కనపడదు. 2018లో జరిగిన టాలిస్ అనే అంతర్జాతీయ సర్వేలో జపాన్ మిడిల్ స్కూల్ టీచర్లు వారానికి సగటున 56 గంటలు పనిచేస్తున్నామని చెప్పారు. పాల్గొన్న దేశాలన్నింటిలో అదే ఎక్కువ. అందులో పాఠం చెప్పేది 18 గంటలే! మిగతాదంతా మీటింగులు, కాగితాలు, ఆటలు, క్లబ్బులు. మధ్యాహ్నం భోజనం కూడా క్లాసులో పిల్లలతోనే. పైగా ప్రభుత్వ టీచర్లకు ఓవర్‌టైమ్ లేదు. దాని బదులు జీతంపై 4 శాతం అదనంగా ఇచ్చేవారు. 1971 నాటి చట్టం అది. ఆ 4ను మెల్లమెల్లగా 10 శాతానికి పెంచేలా 2025లో సవరించారు.

ఇప్పుడు ఫిన్‌లాండ్ చూడండి. అక్కడ ఇదే స్థాయిలో తొమ్మిది మందికి ఒక టీచర్, క్లాసులో ఇరవై మందికి అటూ ఇటూ. అదే సర్వేలో అక్కడి టీచర్లు చెప్పిన పని వారానికి 33 గంటలు. 9కీ 13కీ తేడా నాలుగే. టీచర్ బతుకులో మాత్రం వారానికి 23 గంటలు తేడా!

మరి మన సంగతి? యూడైస్ ప్లస్ 2021-22 ప్రకారం మన దేశంలో 9, 10 తరగతుల స్థాయిలో నిష్పత్తి 18. కొత్త విద్యా విధానం 30 దాటొద్దంటోంది కాబట్టి పాస్ అయిపోయినట్టే. కానీ ఇదే దేశంలో ఒకే ఒక్క టీచర్‌తో నడిచే బడులు లక్షకు పైగా ఉన్నాయి. ఎక్కువగా చిన్న ప్రైమరీ స్కూళ్లే. హైస్కూల్లో ఇంకో తంటా ఉంది. తెలుగు సార్లు ఇద్దరున్నారని ఫిజిక్స్ పాఠం జరగదు కదా!

నేను చదివిన హైస్కూల్లో నిష్పత్తికి లోటు లేదు. పదో తరగతిలో ఫిజికల్ సైన్స్ సార్ మాత్రం లేరు. మ్యాథ్స్ సారే తన పీరియడ్లలోంచి టైమ్ తీసి రెండూ చెప్పేవారు. మా క్లాసులో 41 మందిమి, తర్వాత ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నది ఏడుగురమే. మిగతావాళ్లలో నాకంటే లెక్కలు బాగా చేసేవాళ్లు ముగ్గురున్నారు. ఫిజిక్స్ మనవల్ల కాదని ముందే డిసైడ్ అయిపోయారు. ఆ ముగ్గురి లెక్క ఏ దేశం టేబుల్‌లోనూ ఉండదు.

మీ ఊరి హైస్కూల్ గురించి ఎవరైనా నిష్పత్తి చెప్తే, ఈ ఏడాది ఏ సబ్జెక్టుకు సార్ లేరో కూడా అడగండి. పదో తరగతి పిల్లల్ని అడిగితే పది సెకన్లలో చెప్పేస్తారు.