చావింట్లో రేటు అడగొచ్చా?

తాతయ్య గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పోయిన రాత్రి, గేటు బయట వ్యాన్ అతను దాచేపల్లికి పన్నెండు వేలన్నాడు. ఎక్కువని తెలుస్తూనే ఉంది. అడగబోతే బాబాయి కసిరాడు: "శవం దగ్గర బేరమేందిరా!" నోరు మూసుకున్నా. సగం దారిలో డీజిల్‌కంటూ ఇంకో వెయ్యి తీసుకున్నాడు.

ప్రభుత్వాసుపత్రిలో చనిపోతే ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలుంటాయి. మాకు ఆ దారి లేదు.

తెల్లారేసరికి మిరప కల్లాల నుంచి జనం వచ్చేశారు. మా బజారులో పాడె కట్టే పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు. "కట్టెలకింత, డప్పులకింత, కాటికాపరికింత. ఫోన్లో రాసుకో అబ్బాయ్. అంతకు మించి ఎవరడిగినా నాకు చెప్పు." తర్వాత తాతయ్య తల కింద చెయ్యి పెట్టి, నిద్రపోతున్న మనిషిని ఎత్తినట్టు ఎత్తాడు. పదకొండో రోజున మిగిలిన మూడొందలు తెచ్చిచ్చాడు.

నమ్మకమంటే ఏంటో అప్పుడు తెలిసింది. అడక్కముందే లెక్క చెప్పేవాడు, శవాన్ని మనిషిలా ముట్టుకునేవాడు.

అందుకే చెబుతున్నా. మొత్తం ఎంత, అందులో ఏమేం వస్తాయి అని ముందే అడగండి. మీరు ఏడుస్తుంటే ఓ ఫ్రెండ్‌తో అడిగించండి. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించడం మర్చిపోకండి. అడిగితే పోయినవాళ్లకి అవమానమేం కాదు. తాతయ్య అయితే వంకాయలు కూడా బేరమాడకుండా కొనేవాడు కాదు.