బడి నుంచి వచ్చే కాగితమూ అమానతే

దివ్యఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలో సుదీర్ఘమైనది బఖరా సూరాలోని 282వ ఆయతు. దాని విషయం అప్పు పత్రం. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాయడానికి విసుగు చెందరాదనీ అల్లాహ్ అందులో ఆదేశించాడు. కాగితాలూ, తేదీలూ, గడువులూ ధర్మానికి వెలుపలి సంగతులని తలచేవారు ఈ ఒక్క ఆయతును శ్రద్ధగా చదవాలి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనాలో ఉన్న కాలంలో యూదులతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిగేవి. వాటిని చదివి వినిపించడానికి నమ్మకమైన మనిషి కావలసి వచ్చినప్పుడు, యువకుడైన జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆ లిపి నేర్చుకోమని ఆదేశించారు. ఆయన కొద్ది రోజులలోనే నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని చదవగలవారు మనలోనే ఉండాలన్న పాఠం ఇందులో ఉన్నది.

మా కాకుమాను ప్రాంతపు ఇళ్లకు ఈనాడు ఉత్తరాలు బడి నుంచి వస్తున్నాయి. పిల్లల సంచిలో మడతపడిన చీటీగానో, ఫోనులో సందేశంగానో, నోటుపుస్తకం చివరి పేజీలో మాస్టరుగారు వ్రాయించిన రెండు వరుసలుగానో వస్తాయి. తండ్రి తాపీపని మీద గుంటూరులోనో విజయవాడలోనో ఉంటాడు. ఫోను ఆయన దగ్గరే ఉంటుంది. మిరప కోతల కాలంలో తల్లి తెల్లవారకముందే పొలానికి వెళ్లి పొద్దుగూకి వస్తుంది. ఆమె ప్రతిదినం ఖుర్ఆన్ పారాయణం చేస్తుంది, కొంత ఉర్దూ చదువుతుంది, కాని తెలుగు చదవలేదు.

మగ్రిబ్ తరువాత మా దగ్గరకు సిపారా చదవడానికి వచ్చే పిల్లలలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. ఒకనాడు ఆమె సిపారా అట్టలోపల నుంచి ఒక కాగితం జారిపడింది. జాతీయ ఉపకారవేతన పరీక్షకు, అంటే నేషనల్ మీన్స్ కం మెరిట్ పరీక్షకు, దరఖాస్తు చేయడానికి ఆదాయ ధ్రువపత్రం తెమ్మని బడివారు పంపిన చీటీ అది. ఆఖరి తేదీ దాటి అప్పటికి రెండు రోజులైంది. "అమ్మీకి చూపించాను హజ్రత్, అబ్బా వచ్చాక చదువుతారులే అన్నది" అని ఆ బిడ్డ చెప్పింది. అబ్బా వచ్చేది పండుగకు. ఆ పరీక్షలో ఎంపికైన ప్రభుత్వ పాఠశాల విద్యార్థికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు సంవత్సరానికి 12,000 రూపాయల చొప్పున మొత్తం 48,000 రూపాయలు లభిస్తాయి. ఆమె ఎంపికయ్యేదో కాదో అల్లాహ్‌కే తెలుసు. పరీక్ష వ్రాసే అవకాశం మాత్రం పోయింది. బడివారు చీటీ పంపారు, బిడ్డ తెచ్చింది, తల్లి చేత పట్టుకున్నది. చదివి చెప్పేవారే లేకపోయారు.

ఇటువంటి కాగితాలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. వాటిలో మన ఇళ్లవారు తప్పక ఎరిగి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పేరు. షేక్ అన్న ఒక్క మాటనే ఇంగ్లీషులో మూడు నాలుగు విధాలుగా వ్రాస్తారు. ఆధార్‌లో ఒక విధంగా, బడి రిజిస్టరులో మరొక విధంగా ఉంటే ప్రతి దరఖాస్తు దగ్గరా చిక్కే. పదో తరగతి నామినల్ రోలు మీద సంతకానికి పిలిచినప్పుడు పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం సరిచూడాలి. ఆ సర్టిఫికెట్టులో పడినదే జీవితాంతం నిలుస్తుంది.

రెండవది కుల ధ్రువపత్రం. 2007 నాటి చట్టం ప్రకారం షేక్ మొదలైన 14 ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద విద్యలోనూ ఉద్యోగాలలోనూ 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. దూదేకులవారు బి.సి.-బి కిందకు వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వర్గాలు బి.సి.-ఇ జాబితాలో లేవు. తాము ఏ వర్గమో తెలుసుకొని, కళాశాల ప్రవేశాల రద్దీకి ముందే పత్రం తీసుకోవడం మేలు. 2022లో బాపట్ల వేరే జిల్లా అయినా మా మండలం గుంటూరు జిల్లాలోనే, తెనాలి రెవెన్యూ డివిజనులో ఉన్నది. బజారు పనికి బాపట్ల వెళ్లే అలవాటు కొద్దీ ఆఫీసు పనికి కూడా అక్కడికే వెళ్లి తిరిగి వచ్చినవారు ఉన్నారు.

మూడవది తల్లి బ్యాంకు ఖాతా. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద ఒక్కొక్క బిడ్డకు 13,000 రూపాయలు తల్లుల ఖాతాలకు చేరాయి. ఖాతాకు ఆధార్ జతపడి ఉన్నదా లేదా అన్నది ముందుగానే చూసుకోవలసిన విషయం.

నాలుగవది తేదీల మార్పు. 2025లో పదో తరగతి పరీక్షలు పవిత్ర రమజాన్ మాసంలో వచ్చాయి. మార్చి 31న జరగవలసిన సోషల్ పరీక్ష ఈద్ కారణంగా ఏప్రిల్ 1కి మారింది. ఈద్ మరునాడు చుట్టాల ఇంటికి ప్రయాణం పెట్టుకునే కుటుంబాలకు ఆ కబురు అందడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక తల్లిదండ్రుల సమావేశాలు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ పాఠశాలల్లో ఒకేరోజు ఈ సమావేశం జరిగింది. మాకు దాపుననే ఉన్న బాపట్ల మునిసిపల్ హైస్కూలుకు ముఖ్యమంత్రిగారే వచ్చారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. పరదా పాటించే మన సోదరీమణులు ఇటువంటి చోట్లకు వెళ్లడానికి సంకోచిస్తారు. ప్రవక్త (స) కాలంలో స్త్రీలు తమకు బోధించడానికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించమని స్వయంగా అడిగారు, ఆయన కేటాయించారు. హిజాబుతో వెళ్లి బిడ్డ చదువును గురించి అడగడంలో సంకోచించవలసినది ఏమున్నది?

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని నిసా సూరాలో అల్లాహ్ ఆజ్ఞ. బడి కాగితం తల్లిదండ్రుల పేర వచ్చిన అమానతు. అది చేతికి అందినంతమాత్రాన అప్పగింత పూర్తికాదు, అర్థమైనప్పుడే పూర్తవుతుంది. అందుచేత మా మక్తబ్‌లో ప్రతి గురువారం పాఠం ముగిశాక పిల్లలు ఆ వారం బడి నుంచి వచ్చిన చీటీలు బయటకు తీస్తారు. పెద్ద పిల్లలు తెలుగులో పైకి చదువుతారు. చిన్నవారు దానిని ఉర్దూలో తిరిగి చెప్పి, ఇంటికి వెళ్లి అమ్మకు అదేవిధంగా వినిపిస్తారు. దీనికి పట్టేది పది నిమిషాలు. ప్రతి మస్జిదులో జుమా నమాజు తరువాత ఆ వారపు గడువులు రెండు మాటల్లో ప్రకటించవచ్చు. ప్రతి ఇంటిలో గోడ మీది నమాజు వేళల పట్టిక పక్కనే బడి తేదీలు వ్రాసిపెట్టుకోవచ్చు. ఇంటిలో తెలుగు చదవగలవారు లేకపోతే పొరుగు అమ్మాయిని పిలిచి చదివించుకోవడంలో నామోషీ లేదు.

తమ సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారని ప్రవక్త (స) హెచ్చరించారు. మన పిల్లల సంచులలోని కాగితాలు గడువు దాటకముందే మన కళ్లబడే భాగ్యాన్ని అల్లాహ్ ప్రతి ఇంటికీ ప్రసాదించుగాక. ఆమీన్.